నిజమేనా మావయ్య, టైము చెప్పే చిలుక

మా మావయ్య పేపరాఫీసులో ఊరి వార్తల పేజీ చూస్తాడు. ఎవరేం చెప్పినా ముందు "నిజమేనా?" అంటాడు. అందుకే మాకందరికీ ఆయన నిజమేనా మావయ్య. కూర ఉడికిందని అత్త చెప్పినా మూత తీసి చూస్తాడు. కడుపుతో ఉన్నానని చెప్పినప్పుడూ అదే మాట అన్నాడట, ఆవిడ ఇంకా దెప్పుతూనే ఉంది.

ఆఫీసులో ఆయన పద్ధతి ఒకటే. సంబంధించిన మనిషికి ఒక్క ఫోన్ కొట్టి అడగందే ఏ వార్తా పేజీలో పెట్టడు. అలాంటాయన పక్కన వార్తలు రాసే మిషను తెచ్చి పెట్టారు.

"అన్నా, రాయడం దాని పని. మీరు ఓసారి చూసి పంపండి చాలు," అంది ఎడిటరమ్మ. "నెలాఖరుకి ఆ చూడ్డం కూడా అక్కర్లేదేమో."

అంటే కుర్చీకి ఎసరు పెట్టినట్టే.

"ఒక్కర్నీ అడగదురా అది," అని నా దగ్గర రుసరుసలాడాడు మావయ్య. "మరి ఇన్ని కబుర్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ఎక్కడో నొక్కేస్తోంది."

దొంగని పట్టుకోడానికి ఎర వేశాడు. ఊరివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో మారుపేరుతో ఓ కబురు పెట్టాడు: గడియారాలు బాగుచేసే షాపులో చిలుక టైము చెబుతోందని. ఆ షాపులో చిలుక కాదు కదా, ఈక కూడా లేదు.

మర్నాడు మిషను వార్త రాసేసింది. "స్థానికులు ముక్కున వేలేసుకున్నారు" అని సొంతంగా చేర్చింది కూడా. మావయ్య గంతులేసుకుంటూ ఎడిటరమ్మ గదికెళ్లాడు.

"ఇది పచ్చి అబద్ధమమ్మా! పుట్టించింది నేనే!"

ఆవిడ తాపీగా ఫోన్ తీసింది. "మీ పద్ధతేగా, అడుగుదాం." షాపుకి కొట్టి స్పీకర్ పెట్టింది.

"చిలుకా? ఉందండీ!" అన్నాడు షాపాయన. "టైము ఠంచనుగా చెబుతుంది. రండి, రండి!"

ఎడిటరమ్మ మావయ్యని పైనుంచి కిందదాకా చూసింది. మిషనుకంటే ఇప్పుడు ఆయనమీదే అనుమానం.

మావయ్య పరుగున షాపుకెళ్లాడు. నిజంగానే పంజరం, అందులో చిలుక!

"నిన్నట్నుంచి ఒకటే జనమండీ," అని గొంతు తగ్గించాడు షాపాయన. "చిలుక లేదని చెబితే వెళ్లిపోతున్నారు. పొద్దున్నే మా బామ్మర్ది చిలుకని పట్టుకొచ్చా."

"టైము చెబుతుందా?"

"చెబుతుంది. ఇప్పుడు మూడ్ బాలేదు."

మావయ్య కదల్లేదు. గోడమీది గడియారాలన్నీ గంటలు కొట్టాయి. చిలుక ఓ కన్ను తెరిచి "నోర్ముయ్!" అంది. బామ్మర్దిగారింట్లో అది నేర్చిన మాట అదొక్కటేనట.

తిరిగొచ్చి మావయ్య వార్త రాశాడు: చిలుక అరువుది, టైము చెప్పదు, కబురు పుట్టించింది నేనే. కింద తన పేరూ పెట్టాడు. ఎడిటరమ్మ చదివింది.

"అన్నా, మీ కుర్చీ తీసేస్తున్నా. అందులో కూర్చునేగా ఊరికి అబద్ధం ఎక్కించారు! ఫోన్లని కూడా నమ్మేట్టు లేదు. రేపట్నుంచి బయట తిరగండి. మిషను రాసిందేదైనా మీరు కళ్లారా చూశాకే అచ్చుకెళ్తుంది."

"నిజమేనా?" అన్నాడు మావయ్య.

ఇప్పుడాయన చెప్పులు తెగ అరుగుతున్నాయి. షాపు ముందు జనం మాత్రం తగ్గలేదు. మావయ్య రాసింది చదివి మరీ వస్తున్నారు, చిలుకచేత నోర్ముయ్ అనిపించుకోడానికి.