మైల అంటని పటిక

భట్టిప్రోలు సెంటర్లో వెంకటకృష్ణయ్య షాపు తెలియని మొగాడు లేడు. షాపంటే గొప్ప షాపేం కాదు. రేపల్లె రోడ్డుకి ఆనుకుని రేకులు దించిన ఒక్క గది, అందులో రెండు కుర్చీలు. వాటిలో ఒకటి ఎప్పుడూ పని లేకుండా పేపరు చదివేవాళ్ళకే సరిపోయేది. అద్దం మాత్రం గోడంత ఉండేది. ఆ అద్దంలో కనిపించే మొహాలన్నీ తను తయారుచేసి పెట్టినవేనన్నట్టు వెనక నిలబడేవాడు ఆయన. పని చేతనైనవాడే, కాదనడానికి లేదు. గడ్డం గీస్తే కత్తి వచ్చి పోయిన సంగతి చర్మానికే తెలిసేది కాదు. దానికి తగ్గ పొగరూ ఉండేది.

ఆయన పనిముట్ల పొదిలో రెండు కత్తులుండేవి. రెండూ తండ్రి చేతి నుంచి వచ్చినవే. ఎర్రగుడ్డలో చుట్టింది శుభానికి. పెళ్ళికొడుకుల గడ్డాలు, పసిపిల్లల పుట్టువెంట్రుకలు, రోజువారీ బేరాలు దాంతోనే. నల్లగుడ్డలో చుట్టింది కర్మలకి. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే పదోరోజున కాలవగట్టున కొడుకుల తలలు గొరగడానికి తప్ప అది బయటికి రాదు. ఈ కత్తి ఆ కత్తికి తగలకూడదు. కర్మ చేయించి వచ్చినరోజు కాలవలో మునిగి, తడిపంచెతో పెరటి గుమ్మం దగ్గరే నిలబడేవాడు. భార్య చెంచమ్మ మళ్ళీ నెత్తిన నీళ్ళు కుమ్మరిస్తే గానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. అంత నిష్ఠ మనిషి.

ఇన్ని కట్టుబాట్ల మధ్య అటూ ఇటూ అడ్డూ ఆపూ లేకుండా తిరిగే వస్తువు ఒకటి ఉండేది. అది పటిక. అరచేతిలో ఒదిగే గడ్డ, రేకుడబ్బాలో ఉండేది. ఏ కత్తితో గొరిగినా చివర తడిపి రుద్దేది దాన్నే. పటికకి మైల అంటదని ఆయన తండ్రి నమ్మకం, ఆయన నమ్మకమూ అదే. గుమ్మానికి వేలాడదీస్తే వీధిలో దిష్టంతా లాక్కునే వస్తువు కదా, దానికేం అంటుతుందని.

చెంచమ్మకి ఆ డబ్బా చూస్తే ఒళ్ళుమంట. షాపు తువ్వాళ్ళు ఉతికేది ఆవిడే, ఎవరి మెడ ఎలాంటిదో ఆవిడకి తెలిసినంత ఆయనకి తెలియదు.

"ఆ గడ్డకి వెంట్రుకలు అంటుకునున్నాయి. కాస్త కడుగు."

"పటికని కడగమంటావేంటే. ఉప్పుని కడిగి వేస్తున్నావా కూరలో?"

"ఉప్పుని నలుగురి మొహానికి రుద్ది కూరలో వెయ్యట్లేదు నేను."

ఆయన నవ్వి ఊరుకునేవాడు. మాటలో ఓడిపోయినప్పుడల్లా అలాగే నవ్వేవాడు. గడ్డ మాత్రం డబ్బాలోనే ఉండేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, గౌతమి. తెనాలిలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. భర్త అభిషేక్‌ది బాపట్ల. వాళ్ళ పాప పింకీకి తొమ్మిదో నెల వచ్చాక పుట్టువెంట్రుకల మాట లేచింది. వియ్యపురాలు సరోజిని ఫోను చేసి, "ఏదైనా గుడి దగ్గర తీయిద్దాం అన్నయ్యగారూ, అందరూ చేసేదే కదా" అంది.

"చెయ్యనివ్వండమ్మా, అందరికీ ఇంట్లో కృష్ణయ్య లేడు. నేను బతికుండగా నా మనవరాలి తల మీద ఇంకొకడి చెయ్యా?" అన్నాడు వెంకటకృష్ణయ్య. ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో పసితలలు గొరిగిన చెయ్యి, తన రక్తంలో పుట్టిన తల కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆ మాటకి ఆవిడ దిగొచ్చింది గానీ, దిగిరానిది కూతురు.

"నాన్నా, కొత్త బ్లేడు పెట్టు. షాపు తువ్వాలు వద్దు, నేను తెస్తాను."

"ఎర్రగుడ్డ కత్తికేమైందమ్మా? నీ మొగుణ్ణి పెళ్ళికొడుకుని చేసింది దాంతోనే. మొహమేమైనా ఊడిందా?"

"మా ల్యాబ్‌లో సూది ఒకరికే నాన్నా. అది ఎంత మంచి సూదైనా సరే."

"రక్తం తీసేవాళ్ళు మీరు. మేం రక్తం రానివ్వం."

"అయితే తలే తీసుకురాను."

ఆ మాటతో ఆయన ఒప్పుకున్నాడు. మొహం ముడుచుకునే ఒప్పుకున్నాడు. పటిక సంగతి గౌతమి అడగలేదు. పుట్టిందగ్గర్నుంచీ కళ్ళెదుట ఉన్న వస్తువు, అడగాలని తోచలేదు.

ఆ వారంలోనే రైస్‌మిల్లు శంకరరావు తల్లి పోయింది. పదోరోజున కాలవగట్టున వెంకటకృష్ణయ్య నల్లగుడ్డ విప్పాడు. శంకరరావు చొక్కా తీసి పీట మీద కూర్చుంటే, ఎప్పుడూ కాలరు కింద దాగే మెడ బయటపడింది. మెడ వెనక నుంచి జుట్టులోకి గుండ్రంగా, అంచులు ఎర్రగా లేచిన మచ్చలు.

"ఏంటండి ఇది?"

"చెమటకాయలు లేవయ్యా. నువ్వు కానీ, పంతులుగారు చూస్తున్నారు."

అవి చెమటకాయలు కావు. తామర అని వెంకటకృష్ణయ్యకి చూడగానే తెలిసింది. ఏ నాట్ల కూలీయో అలాంటి మెడతో షాపుకొస్తే, తగ్గాక రావయ్యా అని పంపేసేవాడు. పంపేశాడు కూడా, ఒకరిద్దర్ని కాదు. కానీ ఇది శంకరరావు మెడ. వాళ్ళింటి నుంచి ఏడాదికోసారి వచ్చే గింజలతో తన తండ్రి ఇల్లు గడిచింది. పైగా తల్లి కర్మకి కూర్చున్న కొడుకుని లేవమనే నోరు ఎవరికుంటుంది? గొరిగాడు. మచ్చలకి మంచిదే కదా అనుకుని పటిక ఇంకాస్త గట్టిగా రుద్దాడు. తర్వాత కాలవలో మునిగాడు, తడిపంచెతో ఇంటికొచ్చాడు, చెంచమ్మ నీళ్ళు పోసింది. నల్లగుడ్డ చుట్టి కత్తిని విడిగా పెట్టాడు. పటిక డబ్బాలోకి వెళ్ళింది.

పుట్టువెంట్రుకలు తీసే రోజు ఇల్లంతా జనం. మేనమామ వరసైనవాడు మొదటి కత్తెర వేశాక వెంకటకృష్ణయ్య కూర్చున్నాడు. కూతురి ఎదుట కాగితం చించి, కొత్త బ్లేడు బిగించి చూపించాడు. పిల్ల అభిషేక్ ఒళ్ళో కూర్చుని కాళ్ళు తన్నుతోంది. నడినెత్తిన మెత్తటి చోటు దడదడ కొట్టుకుంటుంటే దాని చుట్టూ ఊపిరి బిగబట్టి చెయ్యి తిప్పాడు. చివరికి చెవి వెనక పిల్ల ఒక్కసారి తల విదిలించింది. ఆవగింజంత రక్తం.

ఆ క్షణంలో ఆయన ఏమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళింది. పటిక తడిపి చెవి వెనక అద్దాడు. అద్దినవాడు అంతటితో ఆగక, మురిపెం కొద్దీ నున్నటి గుండంతా రుద్దాడు. గౌతమి పక్కగదిలో గంధం కలుపుతోంది. చెంచమ్మ మాత్రం చూసింది. నోరు తెరిచి, శుభమా అని జరుగుతున్నచోట గొడవెందుకని మూసేసుకుంది. ఆవిడకి నోరు మూసుకునే అలవాటు లేదు. ఆ ఒక్కనాడే మూసుకుంది.

కొన్నాళ్ళకి గౌతమి ఫోను చేసింది. "నాన్నా, పాప తల మీద పొక్కులు లేస్తున్నాయి. చెవి వెనక గుండ్రంగా ఎర్రగా ఉంది."

"సెగపొక్కులమ్మా. గుండు చేశాక ఎండ తగిలితే అంతే. పటిక నీళ్ళతో కడుగు, పోతాయి."

తెనాలిలో పటిక దొరకదన్నట్టు, తన గడ్డలోంచే ఒక ముక్క కొట్టి కాగితంలో చుట్టి, చెంచమ్మకిచ్చి ప్యాసింజరు ఎక్కించాడు. ఒకసారి గుచ్చిన సూదిని మళ్ళీ ముట్టుకోని గౌతమి, నాన్న చెప్పాడని పొద్దునా సాయంత్రం ఆ నీళ్ళతోనే పిల్ల తల కడిగింది. పొక్కులు పోలేదు. చెవి వెనక చోటు మెత్తగా ఉబ్బి, చీము పట్టి, ముట్టుకుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. సరోజిని బాపట్ల నుంచి వచ్చి చూసి, "నా కొడుకుని ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా పెంచాను నేను" అంది. అంతకంటే ఏం అనలేదు. అది చాలు.

చర్మం డాక్టరు మాధవీలత దగ్గరికి తీసుకెళ్ళిననాడు వెంకటకృష్ణయ్య కూడా తెనాలి వెళ్ళాడు. డాక్టరు పిల్ల తల తిప్పి చూసి, "గుండు ఎక్కడ చేయించారు?" అని అడిగింది.

"మా నాన్నగారే చేశారండి. కొత్త బ్లేడు, నా కళ్ళముందే పెట్టారు. తువ్వాలు కూడా నాదే," అంది గౌతమి. తండ్రి తరఫున కాస్త గర్వంగానే చెప్పింది.

"మరి తలకి ఇంకేం తగిలింది?"

గౌతమి తండ్రి వైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ వెంకటకృష్ణయ్య గొంతు సవరించుకున్నాడు. "పటిక రుద్దానండి."

"పటిక మంచిదే తాతగారూ, రక్తం ఆగుతుంది. ఆ గడ్డ అంతకుముందు ఇంకెవరికైనా రుద్దారా?"

కాలవగట్టు కళ్ళముందుకొచ్చింది. శంకరరావు మెడ కూడా. అబద్ధం ఆడొచ్చు, ఎవరూ వెళ్ళి అడగరు. కానీ డాక్టరు చేతుల్లో ఉన్న తల పింకీది.

"రుద్దానండి. తామర ఉన్నాయనకి. ఉందని తెలిసే రుద్దాను."

డాక్టరు కోప్పడలేదు. తడి గడ్డ మీద ఒకరి చర్మం పొట్టు అంటుకుని ఇంకొకరికి చేరుతుందనీ, పసిపిల్లల తలకి ఇది లోతుగా దిగుతుందనీ, నెలల తరబడి మందు తాగించాలనీ చెప్పింది. "జుట్టు వచ్చేస్తుంది. చెవి వెనక ఉబ్బిన చోట మాత్రం రాకపోవచ్చు. ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది."

బయటికొచ్చాక గౌతమి తిడుతుందని చూశాడు ఆయన. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె పిల్లని భుజాన వేసుకుని మందుల షాపు ముందు నిలబడింది.

"చెవి వెనకేనమ్మా, కనపడదులే," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనక.

"నీకు కనపడలేదు నాన్నా," అంది గౌతమి. "నాకూ కనపడలేదు. నేనే కడిగాను రోజూ, నా చేత్తో." తర్వాత ఆటో పిలిచి, "నువ్వు వెళ్ళు, బండి టైమైంది" అంది.

ఇంటికొచ్చి చెప్తే చెంచమ్మ మడతపెడుతున్న తువ్వాలు పక్కన పెట్టింది. "నేను చూశాను ఆ రోజు" అంది. ఆయన తలెత్తి చూశాడు. చూసినదానివి చెప్పలేదేమని అడగబోయి ఆగిపోయాడు. అన్నాళ్ళు చెప్తూనే ఉంది కదా. విన్నదెవరు?

ఆ తర్వాత షాపు మారిపోయింది. రేపల్లె వెళ్ళి మందునీళ్ళు, విరిచి పారేసే బ్లేడ్లు, పటిక బదులు పిచికారీ కొట్టే సీసా తెచ్చాడు. రెండు కత్తులూ ఒకే గుడ్డలో చుట్టి అటక మీదికి తోశాడు. తువ్వాళ్ళు చెంచమ్మ ఉడకబెట్టేది. దువ్వెనలు మందునీళ్ళలో మునిగి ఉండేవి. పేపరు చదివేవాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏంటి కృష్ణయ్యా, గడ్డమా, ఆపరేషనా? సంతకం పెట్టాలా ముందు?"

"నోరు కదపకండి బాబాయ్, కుట్లు పడతాయి," అనేవాడు ఆయన. నవ్వులో మునుపటి జోరు ఉండేది కాదు.

ఒకరోజు శంకరరావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెంకటకృష్ణయ్య కాలరు కిందికి దించి చూసి, చెయ్యి తీసేశాడు.

"ఇది తగ్గేదాకా నేను బ్లేడు పెట్టనండి. డాక్టరుకి చూపించుకోండి."

"ఏంటయ్యా, నా మొహానికే వంక పెడుతున్నావా?"

"మొహానికి కాదండి, మెడకి."

"మీ నాన్న మా గుమ్మంలో నిలబడినవాడు."

"నిలబడ్డాడండి. నేనూ నిలబడ్డాను. అందుకే ఆరోజు గట్టున నాకు నోరు రాలేదు. వచ్చుంటే నా మనవరాలి తల బాగుండేది."

శంకరరావు లేచి వెళ్ళిపోయాడు. ఆయనతోపాటు మిల్లువాళ్ళ గడ్డాలన్నీ వెళ్ళిపోయాయి. వెంకటకృష్ణయ్య దానికి బాధపడలేదు. ఈ మాట అప్పుడే అనలేకపోయానే అన్నదొక్కటే లోపల తిరుగుతూ ఉండేది.

చెంచమ్మకి కంట్లో శుక్లం తీయించినప్పుడు గౌతమి పిల్లని తీసుకుని రెండురోజులు ఉండేలా వస్తానంది. పింకీకి అప్పటికి మాటలొచ్చాయి, జుట్టు ఒత్తుగా వచ్చిందట. ఆ జుట్టుని ఇంతవరకు ఎవరూ కత్తిరించలేదని చెంచమ్మే ఫోనులో విని చెప్పింది. ఆయన రేపల్లె వెళ్ళి కొత్త కత్తెర, కవరు విప్పని చిన్న దువ్వెన కొన్నాడు. పూల పూల గుడ్డ ఒకటి కొని, ఉడికించి ఆరేశాడు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే షాపు తలుపు మూసి కుర్చీ, గోడ, అద్దం మందునీళ్ళతో తుడిచాడు. అడగను, ఆమే అంటే చేస్తాను, అనుకున్నాడు.

ఆటో దిగిన పిల్ల తల చూశాడు. జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది. చెవి వెనక ఖాళీగా ఉన్న చోటు కప్పడానికి పక్కనుంచి కొంత లాగి, దువ్వి క్లిప్పు పెట్టారు. కుడివైపు కంటే ఎడమవైపు కిందికి ఉంది. మెడ దగ్గర మెట్లు మెట్లుగా వచ్చింది. ఎవడో తొందరలో ఉన్నవాడి చేతిపని.

ఆయన చూపు ఎక్కడుందో గౌతమి గమనించింది. "నిన్న తెనాల్లో చేయించాను నాన్నా. మళ్ళీ టైముండదని."

"మంచిపని చేశావమ్మా."

పిల్ల తాత దగ్గరికి వచ్చి జేబులో చెయ్యి పెట్టింది. మెడ దగ్గర మెట్లుగా మిగిలిపోయిన ఆ నాలుగు వెంట్రుకలు సరిచెయ్యడానికి అరనిమిషం పట్టదు. ఆయన చెయ్యి పిల్ల తల దాకా లేచింది. గౌతమి వంగి, పిల్లని నెమ్మదిగా తన వైపు తిప్పుకుని, ఊడిపోయిన చెప్పు తొడగడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బాగా కత్తిరించాడమ్మా," అన్నాడు వెంకటకృష్ణయ్య.