గడియారం లేని ఇల్లు

నూలుమిల్లు గేటు దగ్గర ఇరవై ఒక్కేళ్లు కూర్చున్న ఆ మనిషి అసలు పేరు మిల్లులో సగం మందికి తెలియదు. అందరూ నిమిషం గారనేవాళ్లు. ఆ గారు కూడా ఎదురుగా ఉన్నంతసేపే. గేటు పక్కన చిన్న గది, నెత్తి మీద గోడగడియారం, ముందు హాజరు పుస్తకం, చేతిలో ఎర్ర పెన్సిలు. ఎనిమిదింటికి గంట కొట్టేవాడు. కొట్టాక ఆయాసపడుతూ వచ్చి, "ఒక్క నిమిషమే కదండీ" అన్నవాడితో, "నిమిషం నిమిషమే" అనేవాడు. ఎర్రగీత పడేది. గీత పడ్డవాడు మధ్యాహ్నం దాకా గేటు బయట నిలబడాలి. ఎండైనా అంతే, వానైనా అంతే.

ఒకరోజు బొటనవేలు చూసి హాజరు వేసుకునే యంత్రం వచ్చింది. అది ఇతని కంటే తక్కువ చోటులో, ఇతని కంటే తక్కువ మాటలతో అదే పని చేసింది. నిమిషాన్ని ఇంటికి పంపేశారు.

ఉద్యోగం పోతే మామూలు మనిషి బాధపడతాడు. ఇతను తత్త్వం మొదలుపెట్టాడు.

"మనిషిని ఇంత నీచానికి దిగజార్చింది గడియారమేనే" అన్నాడు భార్యతో. "పక్షికి గడియారముందా? చెట్టుకుందా?"

"చెట్టుకి పెళ్లాం పిల్లలు కూడా లేరు" అందావిడ కూరగాయలు తరుగుతూ.

ఆ మాటలో ఉన్న హెచ్చరిక అతనికి వినపడలేదు. నెల తిరక్కుండానే తల్లినీ, భార్యనీ, పదిహేడేళ్ల కూతురినీ తీసుకుని పల్లెదారి పట్టాడు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక చిక్కుడు పాదులు, ఆరు కోళ్లు. బస్సు రోజుకొక్కటే, ఉదయం ఏడింటికి. అదెక్కాలంటే అరగంట నడవాలి. ఇల్లు చేరిన రోజే గోడగడియారం దించి, అలారం గడియారాలు రెండూ కలిపి పెట్టెలో పడేసి, అటక మీదికి ఎక్కించాడు.

"ఇకనించి ఈ ఇంట్లో టైమనే మాట వినపడకూడదు. ఆకలేస్తే తింటాం. నిద్రొస్తే పడుకుంటాం. సాదాసీదా బతుకు."

"మరి పొద్దున లేవడం ఎలా నాన్నా?" అంది కూతురు.

"పక్కింటి ఇటుకలాయన గాడిద ఉందిగా! సరిగ్గా ఆరింటికి దానికి దాణా పెడతాడు. అది ఓండ్ర పెడుతుంది. అంతకంటే ఏం కావాలి?"

గాడిద సరిగ్గా ఆరింటికే ఓండ్ర పెడుతుందని గడియారం లేనివాడికి ఎలా తెలిసిందో ఆ రోజు ఎవరూ అడగలేదు. సామాను సర్దే హడావిడిలో ఉన్నారు.

సాదాసీదా బతుకు ఎలా సాగిందంటే, ముసలావిడకు ఆకలి పొద్దున్నే మూడుసార్లు వేసింది. కోడలికి వండాలనిపించడం సాయంత్రానికి గానీ జరగలేదు. ఈ రెండింటి మధ్యా ఇల్లు నలిగిపోయింది. అత్తాకోడళ్లు పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. అవసరమైన మాటలు కోళ్లతో చెప్పుకున్నారు. "తిన్నారో లేదో అడిగే దిక్కులేదే ఈ ఇంట్లో" అని ముసలావిడ నల్లకోడితో అనేది. "తిన్న గిన్నె కడిగే దిక్కూ లేదు" అని కోడలు ఎర్రకోడికి జవాబిచ్చేది. చిక్కుడుకి పురుగు పట్టింది. కోళ్లు గుడ్లు మానేశాయి. ఈ గొడవలు వినీ వినీ వాటికీ విసుగొచ్చి ఉంటుంది.

అప్పుడప్పుడూ పట్నం నించి పాత స్నేహితులు కారులో వచ్చేవాళ్లు. పాదుల మధ్య నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. "అదృష్టవంతుడివయ్యా! బతుకంటే ఇదీ" అని ఊపిరి గట్టిగా పీల్చేవాళ్లు. దోమలు మొదలయ్యే వేళకి అందరికీ అర్జెంటు పనులు గుర్తొచ్చేవి.

నిమిషం మాత్రం హాయిగా ఉన్నట్టే కనిపించేవాడు. ఒక్కటే వింత. మండు వేసవిలో కూడా మేజోళ్లు వేసుకునేవాడు. పాదుల్లో గొప్పు తవ్వేటప్పుడూ మేజోళ్లే, నిద్రలోనూ మేజోళ్లే.

"ఆ కాళ్లు కుళ్లిపోతాయండీ" అనేది భార్య.

"పాదాల్లో వేడి పోకూడదు. ప్రకృతి వైద్యం" అనేవాడు.

కుడి మేజోడులో చీలమండ దగ్గర వేడి కాదు, చేతిగడియారం ఉంది. గేటు గదిలో మొదటి జీతంతో కొనుక్కున్నది. రోజూ పొద్దున పెరట్లోకి వెళ్లి, గోడ చాటున కూర్చుని కీ ఇచ్చేవాడు. వారానికోసారి గుడ్లు అమ్మే నెపంతో వెళ్లి, గుడ్లు లేని వారాల్లో కూడా వెళ్లి, పోస్టాఫీసు రేడియోలో వార్తల గంట విని సెకనుతో సహా సరిచేసుకునేవాడు. అలవాటు అలాంటిది. మానలేకపోవడం తప్పు కాదు. మానేశానని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పడమే తప్పు.

ఇలా ఉండగా కూతురికి నర్సింగు శిక్షణ పరీక్షకి పిలుపొచ్చింది. పట్నంలో, పదింటికి. ఆ పిల్ల ఏడాదిగా పొయ్యి వెలుతుర్లో చదువుతోంది. ఈ ఏడు తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, అప్పటికి పిలుపు వస్తుందో రాదో. కాగితం అడుగున పెద్దక్షరాలతో రాసి ఉంది: పదింటికి గేటు మూయబడును, ఆలస్యంగా వచ్చినవారిని అనుమతించరు.

"ఈ ఒక్కరోజుకీ అటక మీంచి గడియారం దించుదామండీ" అంది భార్య.

"ఒక్కరోజంటూ మొదలైతే అంతే సంగతులు. గాడిద లేపుతుంది" అన్నాడు.

గాడిద లేపలేదు. ముందురోజే ఇటుకలాయన దాని మీద ఇటుకలేసుకుని పొరుగూరు వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. ఆకాశం నిండా మబ్బు. వెలుగు చూసి ఏమీ చెప్పలేని పొద్దు. ఉన్నట్టుండి వంటింట్లో పిండి డబ్బా మోగడం మొదలుపెట్టింది.

అందరూ లేచి పరిగెత్తారు. ముసలావిడ డబ్బాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, పిండి కొట్టుకుపోయిన అలారం గడియారం బయటికి తీసింది.

"అటకెక్కి తీశావా అమ్మా? ఈ వయసులో?" అన్నాడు నిమిషం.

"నువ్వు దింపకపోతే నేనెక్కనా? అయిదూ నలభై. బోలెడు టైముంది."

ఆ మాట పూర్తి కాకముందే కుట్టుమిషను మూత కింద ఇంకోటి మోగింది. భార్య మొహం పక్కకి తిప్పుకుంది. దాంట్లో ఆరూ అయిదు.

"నీదీనా!"

"గాడిదని నమ్ముకుని పిల్ల బతుకు గంగలో కలపమంటారా?"

కూతురు జడ సగంలో ఆపి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆ ఇంట్లో దొంగ గడియారం లేనిది ఆ పిల్ల దగ్గరే. "ఏది కరెక్టు? ఎవరో ఒకరు చెప్పండి!"

చెప్పగలిగినవాడు ఒక్కడే. పక్కకి తిరిగి వంగి, మేజోడు అంచు లాగి చూసుకున్నాడు. ఆరూ ఇరవై మూడు. ఇప్పుడు బయల్దేరితే బస్సు అందుతుంది. చెప్పాలంటే మేజోడు విప్పాలి. గుమ్మంలోకి వెళ్లి ముక్కు పైకెత్తాడు.

"గాలిని బట్టి చూస్తే… ఆరూ ఇరవై మూడై ఉంటుంది."

"గాలి నిమిషాలతో సహా చెబుతోందా?" అంది భార్య.

"ఒరేయ్, ఇది మీ నాన్న కొన్న గడియారం. ఒక్కరోజు తప్పలేదు" అంది ముసలావిడ.

"పిండి తింటున్నా తప్పలేదా అత్తయ్యా?"

ఆ పదకొండు రోజులూ దాచుకున్న మాటలన్నీ ఆ ఉదయం బయటికొచ్చాయి. గడియారాల గురించి మొదలై, గిన్నెల మీదుగా, పెళ్లినాటి సంగతుల దాకా వెళ్లాయి. నిమిషం రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ గాలి గురించే మాట్లాడాడు. చివరికి కూతురు, "చాలు!" అని అరిచి బయటికి నడిచింది. అతను గబగబా బూట్లు తొడుక్కుని వెనకాల పరిగెత్తాడు. వాళ్లు రోడ్డెక్కేసరికి బస్సు లేదు. దాని దుమ్ము మాత్రం ఇంకా అక్కడే ఉంది.

పిల్ల ఏడవలేదు. తండ్రి వైపు చూడనూ లేదు. అదే అతన్ని కోసేసింది.

ఆ దేవుడెవడో పాలవ్యాను పంపాడు. డ్రైవరు తల బయట పెట్టి, "ఓహో, నిమిషం గారూ! మీరు లేటా?" అని పకపకా నవ్వాడు. ఒకప్పుడు మిల్లులో నూలు చుట్టిన మనిషి. ఎర్రగీతలు తిన్నవాడు. అయినా విషయం విని తలుపు తీశాడు. "ఎక్కమ్మా. నీ మొహం చూసి ఎక్కించుకుంటున్నా, మీ నాన్న మొహం చూసి కాదు."

ఊరూరా ఆగి పాలడబ్బాలు ఎక్కించుకుంటూ పట్నం చేరారు. డ్రైవరు కూడా దిగి వాళ్లతో పరిగెత్తాడు. గేటు మూసి ఉంది. లోపల కుర్చీలో ఒకాయన, ఆయన నెత్తి మీద గోడగడియారం. పదీ ఒకటి.

"ఒక్క నిమిషమే కదండీ" అంది పిల్ల, కమ్మీలు పట్టుకుని.

"నిమిషం నిమిషమే తల్లీ" అన్నాడాయన.

ఆ మాట ఈ లోకంలో తనొక్కడిదే అనుకున్నాడు నిమిషం ఇంతకాలం.

"పది కాలేదండీ" అన్నాడు.

"గోడ మీద కనబడట్లేదా?"

"మీ గోడ మూడు నిమిషాలు ముందుంది."

"ఎవరు చెప్పారు? మీ దగ్గర గడియారముందా?"

కూతురు తల తిప్పి, పొద్దున్నించి మొదటిసారి, తండ్రి మొహంలోకి చూసింది. ఇక్కడా గాలి పేరు చెప్పొచ్చు. అతను గేటు ముందు మట్టిలో చతికిలబడ్డాడు. బూటు విప్పాడు. మేజోడు లాగాడు. చెమటకి మసకబారిన గడియారాన్ని చొక్కాకి తుడిచి కమ్మీల మధ్య నించి చూపించాడు. తొమ్మిదీ యాభై ఎనిమిది. సెకను ముల్లు తిరుగుతోంది.

"మీదే వెనకుందేమో!"

"లేదు. మీది మీరే ముందుకి తిప్పిపెట్టారు. ఎక్కడా రాసుండదు, పైవాళ్లు చెప్పరు. కుర్చీలో కూర్చున్న మొదటి వారం పాతాయన చెవిలో చెప్పి వెళ్తాడు. గేటు గడియారం ఎప్పుడూ మూడు నిమిషాలు ముందుంచు, జనం అదుపులో ఉంటారని. నాకూ అలాగే చెప్పారు. ఇరవై ఒక్కేళ్లు తిప్పిపెట్టాను."

ఆయన చుట్టూ చూశాడు. చెట్ల కింద కూర్చున్న తల్లిదండ్రులు ఒక్కొక్కరే లేస్తున్నారు. "కాస్త మెల్లగా మాట్లాడండి మహానుభావా" అని గొణిగి గేటు తీశాడు. పిల్ల లోపలికి దూసుకుపోయింది.

నిమిషం మేజోడు తొడుక్కోబోతుంటే ఎదురుగా రెండు కాళ్లు ఆగాయి. డ్రైవరు. ఇప్పుడు నవ్వడం లేదు.

"అయితే ఆ రోజుల్లో నేను లేటు కాదన్నమాట."

"కాదు."

"ఆరుసార్లు నిలబెట్టారు నన్ను. ఒకసారి వానలో."

"ఏడుసార్లు" అన్నాడు నిమిషం. లెక్క విషయంలో అతను అబద్ధమాడలేడు. "వానలో రెండుసార్లు."

డ్రైవరు వ్యాను వైపు రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. కొట్టే మనిషైతే బాగుండేదని నిమిషానికి అనిపించింది.

"పాలు దింపి పన్నెండింటికి వస్తా. పిల్లని దింపాలి కాబట్టి వస్తా. అప్పటిదాకా మీరు ఇక్కడే నిలబడండి. కూర్చోకూడదు."

"సరే."

మబ్బు విడిపోయి ఎండ ముదిరింది. చెట్టు నీడ పది అడుగుల దూరంలోనే ఉంది. అతను కదల్లేదు. ఒక కాలికి మేజోడు, ఒక కాలికి లేదు. గడియారం చేతికి పెట్టుకున్నాడు. దారిన పోయేవాళ్లు టైమడిగితే చెప్పాడు. ఒకావిడ నీళ్లివ్వబోతే, నిలబడే తాగాడు.

పిల్ల ముందే రాసేసి బయటికొచ్చింది. తండ్రి ఎర్రగా కాలిపోయి ఉన్నాడు.

"బాగా రాశాను నాన్నా" అంది. తర్వాత అతని కాళ్ల వైపు చూసి, నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఇంటికెళ్లాక అమ్మకి ఏం చెప్తావు?"

"ఉన్నది చెప్తా."

"నానమ్మకి?"

"ఆవిడకి నువ్వు చెప్పు."

"సరే, ముందొచ్చి నీడలో కూర్చో. ఎంతసేపయింది ఇలా నిలబడి?"

అతను గడియారం చూసుకున్నాడు.

"ఉండమ్మా" అన్నాడు. "ఇంకా మూడు నిమిషాలుంది."