సంఘానికి పిడికెడు బియ్యం

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి అమ్మ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసింది. పూటపూటా వేసేదే. వారమంతా చేరిన బియ్యాన్ని ఆదివారం చర్చికి పట్టుకుపోవడం మా సంఘంలో ప్రతి ఇంటా ఉన్న పద్ధతి. ఎప్పుడూ అమ్మే పోయేది. ఆ రోజు నన్ను పొమ్మంది.

"గోతంలో పోస్తారో, పక్కన పెడతారో చూసుకోని రా."

అంతకు ముందు నాయన ఒక చిన్న పుస్తకం రాసి కళ్యాణదుర్గంలో అచ్చు వేయించాడు. ఎండిపోయిన మా బోరు పక్కన రోజూ కూర్చుని ప్రార్థించేవాడు. అక్కడ తనకు తెలిసిందే రాశాడు. సిలువ మీది ప్రభువు దప్పిక ఇంకా తీరలేదని, మాటలు మాని ఆయన పక్కన కూర్చోవడమే ప్రార్థన అని. అది చదివి పాస్టరు అయ్యగారు సంఘ పెద్దలతో ఇంటికి వచ్చాడు.

"తప్పు రాశానని సంఘం ముందు నిలబడి చెప్పండి," అన్నాడు.

"దప్పిక తీరినట్టు నాకు అగుపడలేదు అయ్యగారూ. అగుపడంది ఎట్ల చెప్పేది?" అన్నాడు నాయన.

ఆ వారం నుంచి చర్చిలో ప్రభు బల్ల దగ్గర అందరికీ ఇచ్చే రొట్టె నాయనకు ఇవ్వలేదు. సంఘంలోంచి తీసేశారా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నాయనకు దగ్గు ముదురుతోంది. సంఘంలో లేని మనిషికి అవ్వాతాతలున్న సమాధుల తోటలో చోటు ఉండదు. అమ్మ భయమంతా అదే. అడిగితే లేదంటారేమోనని అడగలేదు. బియ్యం తీసుకుంటే మనం లోపల ఉన్నట్టేనని ఆమె నమ్మకం.

చర్చిలో గోతం దగ్గరున్న సంఘ పెద్ద నా చేతిలోని డబ్బా అందుకున్నాడు.

"ఏమ్మా, మీ నాయన దేవునికి దప్పిక తీరలేదంటనే! ట్యాంకరు తోలిద్దామా?"

వెనక ఆడవాళ్లు నవ్వారు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. డబ్బా వంచాడు. మా బియ్యం అందరి బియ్యంలో కలిసింది.

అమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"పోసినారా?"

"పోసినారు."

"నీ కండ్లతో చూసినావా?"

"చూసినా అమ్మా."

"బియ్యం ఏం రాసిందని వద్దంటారు?" అన్నాడు నాయన మంచం మీద నుంచి. అమ్మ నవ్వలేదు.

తర్వాత ప్రతి ఆదివారం అమ్మ అదే అడిగింది, నేను అదే చెప్పాను.

చెనిక్కాయలు పీకే రోజుల్లో నాయన పోయాడు. ఆ సంఘ పెద్దే వచ్చాడు. మంచం దగ్గర కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు.

"తోటలో కుదరదంటాండాడు అయ్యగారు. మీ ఆయన రాసింది ఎనక్కి తీసుకోలేదు కదమ్మా."

"బియ్యం తీసుకుంటిరి కదన్నా," అంది అమ్మ.

"బియ్యం బీదోళ్లకు పోతాది. తోట సంఘానిది."

నాయనను మా చేనులోనే, బోరు పక్కన పెట్టాం. అయ్యగారు లేకుండా ఏ పాట పాడాలో తెలియక ఎవరూ పాడలేదు.

అమ్మ ఇప్పటికీ ఆదివారం చర్చికి పోతుంది, వట్టి చేతులతో. మా ఇంట్లో ఎసట్లో పోసే బియ్యంలోంచి ఇప్పుడు పిడికెడు తీయడం లేదు.