రాజలింగన్న పుస్తకంలో ఒకటో నంబరు

2008 వర్షాకాలంలో నన్ను గోదావరిఖని ఏరియా ఆఫీసులో అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. బొగ్గు గనుల ఆఫీసుల్లోకి మెయిళ్ళు, నెట్‌వర్క్ అప్పుడప్పుడే వస్తున్నాయి. ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా జీపెక్కి వెళ్ళడం నా పని. వెళ్ళగానే నేను చేసే మొదటి వైద్యం ఒకటే, తాత్కాలిక ఫైళ్ళన్నీ తుడిచేయడం. చాలా జబ్బులు దానికే తగ్గేవి కాబట్టి నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఓ గని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. చేసింది అక్కడి గుమాస్తా రాజలింగు. ఆయన పాతికేళ్ళు గనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేసిన మనిషి. షిఫ్టు మొదట్లో పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి కప్పు గట్టిగా ఉందో లేదో తేల్చుకుని, గాలి పరీక్షించాకే కార్మికుల్ని లోపలికి పంపడం సర్దారు బాధ్యత. షిఫ్టు దిగాక చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. కాలు విరిగాక ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టారు గానీ ఆ అలవాటు పోలేదు.

మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాల్సిన కార్మికుల పట్టికను ఆ సాయంత్రం నాలుగింటికల్లా కొత్తగూడెంలోని హెడ్డాఫీసుకు పంపాలి. నింపాల్సిన ఫారానికి మెయిల్‌లో లింకు ఇచ్చారు. రాజలింగు ముందురోజంతా ఒంటివేలితో టైపు చేసి, సేవ్ నొక్కి ఇంటికెళ్ళాడు. పొద్దున వచ్చి అదే లింకు నొక్కితే ఖాళీ ఫారం వచ్చింది. మళ్ళీ కొడదామంటే వివరాలున్న డాక్టర్ల చీటీలు అప్పటికే తపాలా సంచిలో వెళ్ళిపోయాయి.

నేను వెళ్ళేసరికి గుమ్మం పక్కన బెంచీ మీద ఓదెలు అనే కార్మికుడు కూర్చుని ఉన్నాడు. మాట మాటకూ ఊపిరి కోసం ఆగుతున్నాడు. పట్టికలో పేరు వెళితే బోర్డు పరీక్షించి సర్ఫేస్ డ్యూటీ, అంటే గని బయట పైన చేసే పని, ఇస్తుంది. వెళ్ళకపోతే తర్వాతి బోర్డు దాకా, అంటే కొన్ని నెలలు, గనిలోకి దిగాల్సిందే.

“జల్ది చూడుండ్రి సారూ. మల్ల దిగుడు నాతోని కాదు,” అన్నాడు.

సేవ్ చేయడం మరిచిపోయి ఉంటారని రాజలింగుతో అనేసి, అలవాటు కొద్దీ ఫైళ్ళు తుడిచే పని మొదలుపెట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగుండ్రి సార్. కప్పు తట్టకుంటనే లోపలికి పోతరా?” అంటూ ఒక నోటు పుస్తకం ముందు పెట్టాడు. అచ్చం షిఫ్టు రిపోర్టులాగే రాసి ఉంది. ‘నిన్న పదింటికి లింకు నొక్కిన. తెరువాల్నా, దాచాల్నా అని అడిగింది. తెరువుమన్న. పైన ఫైలు పేరు చివర 1 ఉన్నది. సాయంత్రం సేవ్ నొక్కి మూసిన. ఇయ్యాల తొమ్మిదికి నొక్కిన. పేరు చివర 2 ఉన్నది. ఖాళీ.’ కింద సంతకం.

“గనిల దిగెటోడు తన నంబరు బిళ్ళ గోడ మీది బోర్డుకు తగిలిచ్చి పోతడు, పైకచ్చినంక తీసుకుంటడు. బిళ్ళ ఇంకా బోర్డు మీదనే ఉన్నదంటే మనిషి లోపల్నే ఉన్నట్టు. ఒకటో నంబరు బయటికచ్చినట్టు నేనెక్కడా రాయలే. ఏడున్నదో మీరు చెప్పాలె,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. చదువుకున్నవాణ్ని నేను, ఆలోచించింది ఆయన.

లింకులో ఫైలు ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. నొక్కగానే మెయిల్ ప్రోగ్రాం ఆ చిరునామాను బ్రౌజర్ చేతిలో పెట్టి తప్పుకుంటుంది. తెరవమంటే బ్రౌజర్ సర్వర్ నుంచి ఒక నకలు తెచ్చి, మామూలుగా కంటికి కనిపించని తన తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి, పేరు చివర ఒక అంకె తగిలించి చూపిస్తుంది. సేవ్ నొక్కితే మనం టైపు చేసింది ఆ నకల్లోనే చేరుతుంది. మళ్ళీ లింకు నొక్కితే వచ్చేది ఇంకో ఖాళీ నకలు. మొదటిది ఎవరైనా తుడిచేసేదాకా అక్కడే ఉంటుంది. నేను తుడవబోయింది సరిగ్గా దాన్నే.

దాగి ఉన్న ఫోల్డర్ తెరిస్తే లోపల తలాతోకా లేని పేర్లతో మరికొన్ని ఫోల్డర్లు ఉన్నాయి. ఒక్కొక్కటే వెతికాం. మూడో దాంట్లో ఒకటో నంబరు దొరికింది. వరసలన్నీ నిండి ఉన్నాయి.

“నా పేరున్నదా?” అని ఓదెలు బెంచీ మీది నుంచే అడిగాడు.

“ఉన్నది బావా. ఇగ ఫికర్ జెయ్యకు,” అన్నాడు రాజలింగు. పట్టికను నేను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, మెయిల్‌కు జతచేసి పంపేసరికి నాలుగింటికి ఇంకా పావుగంట ఉంది. ఆయన వెంటనే పుస్తకం తెరిచి, ఒకటో నంబరు బయటికి వచ్చినట్టు టైముతో సహా రాసి సంతకం పెట్టాడు.

ఆ బోర్డులో ఓదెలుకు సర్ఫేస్ డ్యూటీ వచ్చింది. నా పని పద్ధతి కూడా మారింది. అంతకుముందు ఎక్కడికెళ్ళినా “మీరేం చేశారు?” అని అడిగేవాణ్ని. అందరూ “మేమేం చెయ్యలేదు సార్” అనేవారు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ “మీకేం కనిపించింది?” అని అడిగాను. జవాబు పూర్తిగా విన్నాకే మౌస్ మీద చెయ్యి వేశాను.