పొయ్యికి పట్టిన గొడుగు

కూమ్ హెలిగ్‌లో వరసగా రెండు రోజులు ఎండ కాస్తే జనం ఆకాశం వైపు అనుమానంగా చూస్తారు. వేల్స్ కొండల్లో అదో చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఎమ్రిస్ ప్రొథెరో ఇళ్ళకు రాతి పలకల కప్పులు వేసి బతికాడు. బడి కప్పు ఆయనదే, ప్రార్థన మందిరం కప్పూ ఆయనదే. "ఎమ్రిస్ ఎక్కి దిగిన ఇంట్లో చుక్క కారదు" అని ఊరంతా అనేది. అందరికంటే ఎక్కువసార్లు అన్నది మాత్రం ఎమ్రిసే.

అరవై దాటాక మోకాలు మొండికేసింది. "ఇంకొక్కసారి నిచ్చెన ఎక్కావో, కింద నుంచి దాన్ని లాగేస్తా" అని భార్య నెస్టా తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి కనుక ఆయన దిగిపోయాడు. దిగినవాడు ఊరుకుంటాడా? పాటల బృందంతో కలిసి ఇటలీ వెళ్ళినప్పుడు ఒక రైతు పెరట్లో కట్టెల పొయ్యి మీద కాల్చిన పిజ్జా తిన్నాడు. తిరిగొచ్చి గుమ్మంలో పెట్టె కూడా దించకుండానే ప్రకటించాడు.

"నెస్టా, మన పెరట్లో పొయ్యి కడతా!"

"వంటింట్లో ఒకటుందిగా. దాని ముఖం ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. కాని కట్టాడు. వాళ్ళ పెరట్లో కాస్తో కూస్తో ఎండ పడే చోటు ఒకే ఒక్కటుంది. ఆ చోట టమాటా మొక్కలకు గది కట్టిస్తానని ఎమ్రిస్ ఎప్పుడో మాటిచ్చాడు. దానికోసం నెస్టా కొనిపెట్టుకున్న ప్లాస్టిక్ రేకులు, గాజులా వెలుతురు రానిచ్చేవి, పెరట్లోని కట్టెల కొట్టు వెనక నాచు పట్టి నిలబడి ఉన్నాయి. మొక్కలేమో ఏటా స్నానాల గది కిటికీలో పెరిగి, ఒక్క కాయైనా ఎర్రబడకుండానే పోతున్నాయి. ఆ ఇంట్లో స్నానం చేసేవాళ్ళు టమాటా కొమ్మల్ని తప్పించుకుంటూ సబ్బు రాసుకోవాల్సిందే.

ఎండ పడే చోటు కాస్తా పొయ్యి ఆక్రమించేసరికి నెస్టాకు ఒళ్ళు మండింది.

"విను. జూన్‌లో నా పుట్టినరోజు శనివారం వచ్చింది. మీ పాటల బృందాన్నంతా పిలుస్తున్నా. ఆ రోజు దీన్లోంచి తినదగ్గ పిజ్జా వచ్చిందా, సరే. రాలేదా, సోమవారం పొద్దున సమ్మెట పట్టుకుని నేనే వస్తా. ఆ చోటు నా టమాటాలది."

"సమ్మెట ఎత్తగలవా నువ్వు?"

"ఇన్నేళ్ళు నిన్ను మోశాను. అదొక లెక్కా?"

పొయ్యి గుమ్మటం నిలబడింది. మంటకు ఓర్చే ఇటుకలతో కట్టి, వేడి బయటకు పోకుండా దాని మీద గుల్లరాయి నలగ్గొట్టిన పొడినీ సిమెంటునూ బకెట్లకొద్దీ నీళ్ళతో కలిపి మందంగా పట్టించాడు. ఇక మిగిలింది వాన తగలకుండా చివరి పూత. ఆ పని తలచుకుంటేనే ఎమ్రిస్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు. వానను ఆపడం ఆయన పుట్టుకతో వచ్చిన విద్య! కప్పుల పగుళ్ళకు పూసే నల్లటి రబ్బరు పూత డబ్బా తెచ్చి, తడి ఆరకముందే ఒకటికి మూడు పొరలు పూశాడు. మూల మూలనా వేలు పెట్టి నొక్కాడు. అతుకు అతుకునా మళ్ళీ పూశాడు. కూనిరాగాలు తీస్తూ పూశాడు.

పక్కింటి ఇద్వాల్ గోడ మీంచి తొంగిచూశాడు. ఒకప్పుడు ఊరికి ఉత్తరాలు పంచినవాడు, బృందంలో మంద్రస్థాయి గొంతు, ఇతరుల పనిలో లోపాలు వెతకడం ఆయన వ్యాపకం.

"ఒరేయ్ ఎమ్రిస్, ఏంట్రా అది? పెరట్లోకి నల్ల తోలు సీల్ జంతువు ఎక్కిందా?"

"నవ్వుకో. సముద్రంలో ముంచి తీసినా దీన్లోకి చుక్క పోదు."

"ముంచి చూద్దామా మరి?"

పుట్టినరోజుకు ముందు ఆదివారం పరీక్ష పెట్టారు. ఇద్వాల్ ప్రార్థన నుంచి నేరుగా తెల్ల చొక్కాతోనే వచ్చేశాడు. నెస్టా చేతులు కట్టుకుని నిలబడింది. ఎమ్రిస్ కొట్టులో ఉన్న కట్టెలన్నీ కుక్కి భగ్గుమనేలా మంట వేశాడు. మంట బ్రహ్మాండంగా ఉంది. మంచి పొగ, మంచి వెలుగు, పొయ్యి నోట్లోంచి నాలుకలు చాచే జ్వాలలు. ఎమ్రిస్ మురిసి ముక్కలైపోతున్నాడు.

కాసేపటికి నల్ల పూత మీద చిన్న బుడిపె లేచింది. పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే గుమ్మటం నిండా నూనెలో పొంగే పూరీల్లా బుడగలు లేచాయి.

"ఎమ్రిస్, దానికి ఆటలమ్మ పోసింది" అన్నాడు ఇద్వాల్, దగ్గరగా చూద్దామని వంగి.

టప్! పెద్ద బుడగ పగిలింది. ఆవిరి బుస్సుమంది, నల్లటి జిగురు వెళ్ళి ఇద్వాల్ తెల్ల చొక్కాను అలంకరించింది. రబ్బరు కాలిన కంపు వీధి చివరిదాకా వెళ్ళి కుక్కల్ని లేపింది. అంత మంటలోనూ పిజ్జా అడుగున పచ్చిపిండి పచ్చిపిండిగానే ఉంది, పైన మాత్రం మసి. నెస్టా దాన్ని పళ్ళెంతో సహా అటూ ఇటూ ఊపి చూసింది.

"పై సోమవారానికి సమ్మెటకు పదును పెట్టించాలా?"

"సమ్మెటకు పదునుండదు" అని గొణిగాడు ఎమ్రిస్.

"అయితే ఇంకా సుళువు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇద్వాల్ మాత్రం ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాడు. వాళ్ళావిడ చొక్కా చూశాక ఆ నవ్వు ఆగింది.

ఎమ్రిస్ మూలనున్న బల్ల మీద కూలబడ్డాడు. వంగి పొయ్యి లోపలికి చూశాడు. గుమ్మటం లోపలి నుంచి చుక్కలు కారుతున్నాయి! ఆయన కట్టిన దేన్లోనైనా నీళ్ళు కారడం ఇదే మొదటిసారి. ఎక్కణ్ణుంచి వచ్చాయి? పూత కింద వేలు పెట్టి గీకాడు. లోపలి పొర తడితడిగా చేతికొచ్చింది. అప్పుడు వెలిగింది. వాన నీళ్ళు కావివి, ఆయనే బకెట్లతో కలిపిన నీళ్ళు. జీవితమంతా బయటి నీళ్ళు లోపలికి రాకుండా చూసినవాడు, లోపలి నీళ్ళు బయటికి పోవాలన్న ఊసే ఎత్తలేదు. దారులన్నీ మూసి, పైన మూడు పొరలు కూడా బిగించాడు.

"ఓరి నా తెలివి తెల్లారా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గీకుడు పార పట్టుకుని నల్ల తోలంతా ఒలిచేశాడు. పొయ్యి గుమ్మంలో గుప్పెడు పుల్లలతో చిన్న మంట వేశాడు. గుమ్మటం మీద సన్నగా ఆవిరి లేచింది. "అదీ! ఊపిరి తీసుకో తల్లీ" అని దాన్ని నిమిరాడు. ఇలా రోజూ కాస్త కాస్త పెంచుతూ మంట వేస్తే శనివారానికి ఆరుతుందని లెక్కేసుకున్నాడు.

మంగళవారం ఆకాశం చిల్లుపడింది. టార్పాలిన్ కప్పితే ఆవిరి దానికే పట్టి మళ్ళీ కిందికి కారుతోంది. తీసేస్తే వాన. కప్పినా చావే, విప్పినా చావే. ఎమ్రిస్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి పెద్ద గొడుగు తెచ్చి పొయ్యికి పట్టుకుని నిలబడ్డాడు. ఆ గొడుగు పొయ్యికి సరిపోయింది గాని ఆయనకు సరిపోలేదు. టోపీ అంచు నుంచి ధార కట్టి మెడలోకి పోతోంది.

"గొడుగు నీకా, దానికా?" గోడ మీంచి ఇద్వాల్.

"నోరు మూసుకుని ఇంకో గొడుగు తే."

"నాకు తెల్ల చొక్కా బాకీ ఉన్నవాడికి గొడుగు కూడానా?" అన్నాడు గాని తెచ్చాడు.

వంటింటి కిటికీలోంచి నెస్టా చూస్తూనే ఉంది. ఈ మనిషి పెళ్ళినాడు కూడా తనకింత శ్రద్ధగా గొడుగు పట్టలేదని ఆమెకు గుర్తొచ్చి కోపం వచ్చింది. తర్వాత ఆ వణుకుతున్న మోకాలు కనబడింది. టీ కప్పు ఠక్కున కింద పెట్టింది. కొట్టు వెనక్కి వెళ్ళి, నాచు పట్టిన రేకు ఒకటి నెత్తిన పెట్టుకుని వానలో నడిచొచ్చింది.

ఎమ్రిస్ నోరు వెళ్ళబెట్టాడు. "అవి నీ టమాటా గదివి కదా!"

"నాకు తెలీదా? ఆ చివర పట్టుకో. ఊరందరికీ కప్పులు వేశావు. నీ పొయ్యికి కప్పు వేయాలని బుర్రకు తట్టలేదా?"

తట్టలేదు. నిజంగానే తట్టలేదు! సాయంత్రానికి నాలుగు గుంజలు పాతి, గుమ్మటం వేడి తగలకుండా నిలువెత్తుకు పైన రేకులు బిగించారు. నిచ్చెన ఎక్కింది నెస్టా, కింద పట్టుకుంది ఎమ్రిస్. "కొంచెం ఎడమకు" అన్నాడాయన. "లాగేయమంటావా నిచ్చెన?" అన్నాడు ఇద్వాల్. ముగ్గురూ వానలో పడీ పడీ నవ్వారు. వాన రేకుల మీద దరువేస్తోంది, కింద పొయ్యి పొడిగా కూర్చుని మెల్లగా ఆవిరి వదులుతోంది.

ఆ వారమంతా చిన్న మంటలే. ఎమ్రిస్ మధ్యాహ్నం కునుకు తీస్తే నెస్టా వెళ్ళి పుల్ల వేసొచ్చేది. అడిగితే మాత్రం, "నేనెందుకు వేస్తా? గాలికి పడుంటుంది" అనేది.

శనివారం బృందమంతా వచ్చింది, వానా వచ్చింది. లావుపాటి మగాళ్ళందరూ ఆ బుల్లి కప్పు కింద ఇరుక్కున్నారు. ఎమ్రిస్ మొదటి పిజ్జా లోపలికి తోశాడు. అంచులు పొంగాయి, చీజ్ బుడబుడలాడింది. బయటికి తీసి వేలితో అడుగున కొడితే టకటకమంది. నెస్టా ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అందరూ ఆమె వైపు మెడలు చాచారు.

"ఉప్పు తగ్గింది."

"పిండి కలిపింది నువ్వే కదా!"

"అందుకే పొయ్యిని ఏమీ అనలేకపోతున్నా."

ఒక్కసారిగా పెరడు దద్దరిల్లింది. తిన్నారు, పాడారు, మళ్ళీ తిన్నారు. ఇద్వాల్ లెక్కలేనన్ని ముక్కలు లాగించి, "పరవాలేదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమంటే పతకం వచ్చినట్టే. కాని నెస్టా మాత్రం బాగుందని అనలేదు. ఎమ్రిస్ "మరి ఆ సమ్మెట సంగతి?" అని అడిగితే, "సోమవారం మాట సోమవారం" అని గిన్నెలు సర్దుకుంది.

సోమవారం పొద్దున్నే ధనధనమంటూ దెబ్బలు వినిపించి ఎమ్రిస్‌కు మెలకువ వచ్చింది. ఒక కాలికే చెప్పు తగిలించుకుని, మోకాలి సంగతి మరచి మెట్లు దిగి పరిగెత్తాడు.

"నెస్టా, ఆగు! ఆగవే!"

నెస్టా సమ్మెట ఎత్తి ఉంది. దెబ్బ పడింది, ఒక కర్ర నేలలోకి దిగింది. పొయ్యి వెచ్చటి వైపున, కప్పు కింద వరసగా కర్రలు, ఒక్కో కర్ర పక్కన స్నానాల గదిలోంచి తెచ్చిన టమాటా మొక్క. పొయ్యికి చిన్న గీత కూడా పడలేదు.

"పడగొట్టవా?"

"పడగొడితే నా మొక్కలకు వెచ్చదనం ఎవరిస్తారు, నువ్వా? సున్నం తెచ్చి పైపూత కానివ్వు. గాలాడే పూత వెయ్యి, నీ సీల్ తోలు కాదు. ఇక నుంచి రోజూ సాయంత్రం మంట వేయాలి. కాయలు ఎర్రబడేదాకా."

ఎమ్రిస్‌కు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఏం చేయాలో తోచక, రెండు చేతులూ చాచి పొయ్యిని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"అటు కాదయ్యా, ఇక్కడున్నా నేను" అంది నెస్టా, సమ్మెట దించకుండానే.