సముద్రంలో మా ఊరు

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో నాకంటే మౌనంగా ఉండే వస్తువు ఇంకొకటి లేదు. బెంచీలైనా కిర్రుమనేవి. సముద్రం ఒడ్డున ఉద్దానం పల్లె నుంచి పలాస బడికి వచ్చిన మొదటి రోజే, హాజరు పిలిస్తే "వచ్చీసినాను మాస్టారూ" అన్నాను. ఆయన నా యాసను నాకే తిరిగి వినిపించారు. పట్నం పిల్లల నవ్వుకి పైకప్పు పెంకులు నాలుగు ఊడిపడ్డాయని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. అప్పటినుంచి బడిలో నా నోరు అన్నం తినడానికి మాత్రమే తెరుచుకునేది.

రెండేళ్లు గడిచాయి. ఏ ప్రశ్నకూ జవాబు చెప్పడని ప్రోగ్రెస్ కార్డులో రాశారు. మా నాన్న అది చదివించుకుని తీర్పు చెప్పేశాడు.

"మాటాడనోడికి బడెందుకురా? ఎండాకాలం నుంచి జీడితోట కాపలాకి ఎల్లిపో. జీడిపిక్కలు నిన్నేటీ అడగవు."

నాకేమో చదువంటే ప్రాణం. ఆ మాట అనడానికీ నోరు పెగల్లేదు.

ఆ రోజుల్లోనే గుంటూరు వైపు నుంచి కొత్త సోషల్ టీచరమ్మ వచ్చారు. రాగానే బోర్డు మీద జిల్లా పటం వేశారు. నీలం సుద్దతో సముద్రం, తెల్ల సుద్దతో రైలు పట్టాలు, పక్కన పలాస, టెక్కలి. మా ఊళ్లు కూడా పెడదామన్నారు. నా బదులు పక్కవాడు మా ఊరి పేరు చెప్పాడు. ఆవిడ చుక్క పెట్టారు, సరిగ్గా నీలం మధ్యలో!

మా అమ్మ, మా గేదె, పదివేల కొబ్బరిచెట్లు నా కళ్ల ముందే మునిగిపోయాయి. ఎప్పుడు లేచానో తెలియదు.

"టీచరమ్మగోరూ! మా ఊరిని సముద్రంలో ఎట్టీసినారేటండీ! మాయమ్మ గట్టు మీద గేదెకి గడ్డేత్తన్నాది!"

క్లాసంతా నవ్వడానికి ఊపిరి పీల్చుకుంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. సుద్ద నా చేతిలో పెట్టి, వచ్చి నా బెంచీలో నా చోట కూర్చున్నారు.

"నాకు తెలియదు నాన్నా, నువ్వే చూపించు."

ఊరిని ఒడ్డుకి లాగాను. తర్వాత జీడితోటలు, వలలు ఆరేసే ఇసుకదిబ్బలు, రెండేళ్లుగా దాచిన మాటలూ అన్నీ బయటికొచ్చాయి. బోర్డు చాలక పటాన్ని గోడకెక్కించాను. "ఒరే బావా, మా గెడ్డ మర్సిపోనావు!" అని తమ ఊరి వాగు కోసం వెనకనుంచి పల్లె పిల్లల కేకలు. తర్వాతి పీరియడ్ లెక్కల మాస్టారు గుమ్మంలోనే స్తంభంలా నిలబడిపోయారు.

ఆ ఆదివారం టీచరమ్మ మా ఇంటికొచ్చి, "మీవాడు నాకు పాఠం చెప్పాడండీ" అన్నారు. నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"టీచరమ్మగోరికి నువ్వు సెప్పినావేటిరా?"

ఆ ఏడు జీడితోట కాపలాకి వేరే మనిషిని పెట్టాడు.

పెద్దయ్యాక నేనూ టెక్కలిలో మాస్టారినయ్యాను. అదంతా ఆవిడ వేసిన గొప్ప ఎత్తు అనుకుని, ఇరవై ఏళ్లు బోర్డు మీద కావాలని తప్పులు రాశాను. కిందటేడు ఒక పెళ్లిలో ఆవిడ కనిపిస్తే కాళ్లకి దండం పెట్టి ఆ సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు.

"ఎత్తా, పాడా! మీ ఊరెక్కడో నాకు నిజంగానే తెలియదయ్యా. అంతమంది ముందు సిగ్గుతో కాళ్లు వణికి నీ బెంచీలో కూలబడ్డాను."

అప్పటినుంచి దొంగతప్పులు మానేశాను. అసలు తప్పులే నాకు కావలసినన్ని దొర్లుతాయి. ఏ మూలనుంచో ఒక పిల్ల "కాదండీ మాస్టారూ" అంటుంది. చెవులు ఎర్రగా కాలిపోతాయి. అయినా సరే, సుద్ద ఆ పిల్లకిచ్చి, వెళ్లి ఆ పిల్ల చోట కూర్చుంటాను.