వచ్చిండాది, ఉండాది

పెళ్లయిన కూతురు పుట్టింట్లో కనిపిస్తే మా నల్లమాడలో అందరిదీ ఒకటే ప్రశ్న: "పాపా, ఎప్పుడొచ్చినావు?" నేను బెంగళూరులో మొగుణ్ణి వదిలి, పెట్టె సర్దుకుని వచ్చేసి రెండేళ్లు దాటినా అదే అడిగేవాళ్లు. అడిగే ఆవిడ జాకెట్టు కొలతలకు చేతులు చాపి నా ఎదుటే నిలబడి ఉండేది. పోయిన దసరాకూ ఆమె జాకెట్టు కుట్టింది నేనే. అయినా అడగాలి కదా! నేను నోరు తెరిచేలోపే అరుగు మీద నుంచి మా నాయన అందుకునేవాడు: "వచ్చిండాది. వారం ఉండి పోతాది."

ఆ వారం ఎంతకీ గడవలేదు. నాయనకు పరువంటే ప్రాణం. ఆ ముక్క చెప్పకపోతే టీ అంగడి దగ్గర తలెత్తుకోలేనని ఆయన భయం. నాకేమో ఒళ్లు మండేది. "యాడికి పోవల్ల నాయనా?" అంటే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

చివరికి కదిరి కోర్టులో విడాకులకూ, భరణానికీ కేసు వేశాను. మొగుడు బెంగళూరు నుంచి అభ్యంతరం పంపించాడు. నేను నల్లమాడలో ఉండటమే లేదట! అప్పుడప్పుడూ చుట్టపుచూపుగా వచ్చిపోతానట, కాబట్టి కేసు బెంగళూరులోనే నడవాలట! వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. కానీ మా లాయరు సారు నవ్వలేదు. భార్య కేసు వేస్తే తను నివాసం ఉండే ఊరి కోర్టుకే వెళ్లొచ్చని, అయితే ఆ నివాసం రుజువు కావాలని విడమరిచి చెప్పాడు. రుజువు కాకపోతే ప్రతి వాయిదాకూ చీకటితో బస్సెక్కి బెంగళూరు పోవాలి. కుట్టుమిషను మూలన పడుతుంది. నాలుగు వాయిదాలు తిరిగి నేనే విసిగి వదిలేస్తానని మొగుడి ఆశ. నిజంగానే నాకు భయం వేసింది.

సాక్షి మా నాయనే. "ఒక్క మాట చాలు పెద్దాయనా. 'ఉండాది' అను. 'వచ్చిండాది' అన్నావో, కొంప మునిగినట్టే," అన్నాడు లాయరు.

ఇక మా ఇంట్లో రోజూ రిహార్సలే. అమ్మ జడ్జి. చెనక్కాయలు ఒలుస్తూనే గొంతు పెంచేది: "సాక్షీ! నీ కూతురు యాడుండాది?"

"ఈడే ఉండాది మేడం."

"మేడం ఏందప్పా, సార్ అను!"

నాయన తలగుడ్డ తీసి, చేతులు కట్టుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

తీరా కోర్టుకు పోతే జడ్జి మేడమే! నాయన అమ్మ వైపు గుర్రుగా చూసి బోనెక్కాడు. మొగుడి తరఫు లాయరు కత్తిలాంటివాడు. నివాసం ఊసే ఎత్తలేదు. వీధి చివర కలిసిన చుట్టంలా చిరునవ్వు నవ్వి, "బాగున్నావా పెద్దాయనా? పాప ఎప్పుడొచ్చింది?" అన్నాడు.

"నిన్ననే వచ్చిండాది సార్. వారం ఉండి పోతాది."

అంతే! మా లాయరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "సచ్చినాం పో!" అని అమ్మ పైకే అనేసింది. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. బంట్రోతు కళ్లురిమాడు.

"పెద్దాయనా, ప్రమాణం చేసి చెబుతున్నారు. అమ్మాయి వచ్చిందా, ఉంటోందా?" అని జడ్జి అడిగింది.

నాయన వెనక్కి తిరిగి చూశాడు. ఏదో పొలం తగాదా మీద వచ్చిన మా ఊరివాళ్లిద్దరు బల్ల మీద కూర్చుని ఉన్నారు. రోజూ టీ అంగడి దగ్గర నాయనతో కూర్చునేవాళ్లే. ఆయన ముఖం చూడగానే నా నవ్వు ఆగిపోయింది.

"అబద్ధం చెప్పినాను మేడం," అన్నాడు. "ఊరోళ్లకు చెప్పి చెప్పి నాలిక్కి అలవాటైపాయ. నా బిడ్డ వచ్చిపోయేది కాదు. ఉండాది. దాని మిషను మా పంచలో ఉండాది, దాని కోళ్లు మా దొడ్లో ఉండాయి. రెండేండ్ల నుంచి ఈడే ఉండాది."

"మరి వారం అన్నారు?"

"ఆ వారం ఇంకా అయిపోలేదు మేడం."

హాలంతా గొల్లుమంది. జడ్జి తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించింది, కానీ భుజాలు కదులుతున్నాయి. విడాకులూ, భరణమూ రెండూ కదిరిలోనే విచారిస్తామని తర్వాతి వాయిదా రోజున ఉత్తర్వు ఇచ్చింది.

ఆ ఉత్తర్వు విని నాయనా నేనూ నల్లమాడలో బస్సు దిగేసరికి సాయంత్రమైంది. నాకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. మమ్మల్ని చూసి టీ అంగడాయన ఎప్పటిలాగే కేకేశాడు: "ఏమన్నా, పాప ఎప్పుడొచ్చింది?"

నేను నాయన వైపు చూశాను. బల్ల మీద ఊళ్లో సగం మంది ఉన్నారు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రాలేదప్పా, ఉండాది," అన్నాడు. బల్ల మీద జరిగి నాకు చోటు చూపించి, "దానికీ ఒక టీ పొయ్యి," అన్నాడు.